రేకు మూత కింద చెరకాకు

మా స్కూల్లో గడ్డి కోసే ట్రాక్టర్‌కి మంటలంటుకుని వాచ్‌మన్ చెయ్యి కాలిందన్న సంగతి నర్సీపట్నంలో చాలామందికి తెలుసు. ఎందుకంటుకుందో తెలిసినవాళ్లు తక్కువ. వాళ్లలో నోరు విప్పేవాళ్లు ఇంకా తక్కువ. నేను విప్పాను. అప్పట్నుంచి స్టాఫ్ రూములో నాకు కోపిష్టి మనిషినన్న పేరు స్థిరపడిపోయింది. ఉండనీ.

నేను ఆ స్కూల్లో పి.ఇ.టి.ని, అంటే ఆటల టీచరుని. మిషన్ వాళ్ల కాలంలో కట్టిన స్కూలు అది. టీచర్ల జీతాలు గవర్నమెంటు ఇస్తుంది, నడిపేది చర్చి పెద్దల కమిటీ. మా అమ్మ చదివింది అక్కడే, నేను చదివిందీ అక్కడే, ఆదివారం మేం వెళ్లే చర్చి కూడా ఆ కాంపౌండులోనే ఉంది. అందుకని ఈ గొడవంతా నాకు ఇంటి గొడవలాగే అయింది. బయటివాళ్ల మీద కోపం వస్తే నాలుగు తిట్టేసి ఇంటికి వచ్చేయొచ్చు. ఇంటివాళ్ల మీద వచ్చిన కోపంతో అదే ఇంట్లో తిరగాలి, అదే బెంచీ మీద ప్రార్థనకి కూర్చోవాలి.

స్కూలు వెనక పెద్ద గ్రౌండు. ఎండాకాలం ఎర్రమట్టి, వానలు పడ్డాక అడవి. జూలై వచ్చేసరికి గడ్డి మోకాళ్ల దాకా లేస్తుంది. ఒకసారి ఖోఖో ఆడుతున్న ఆడపిల్లల మధ్యలోంచి రక్తపింజర పాకుతూ పోయింది. మర్నాటి నుంచి అప్పటి హెడ్మాస్టర్ ఆట ఆపించేశారు. "వానలు తగ్గేదాకా డ్రిల్లు వరండాలో చేయించండి మేడమ్" అన్నారు. మగపిల్లలు సైకిళ్లేసుకుని ఊళ్లో వేరే గ్రౌండులకి పోయేవాళ్లు. ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు? లాంగ్ బెల్ కొట్టగానే బ్యాగులు తగిలించుకుని రోలుగుంట బస్సుకో, బలిఘట్టం ఆటోకో పరిగెత్తేవాళ్లు. పోటీల సమయానికి వాళ్ల కాళ్లలో పరుగు ఉండేది కాదు. మొదటి రౌండులోనే ఆయాసంతో కూలబడేవాళ్లు. ఏటేటా అదే. తప్పంతా తమదే అన్నట్టు తలలొంచుకుని బస్సెక్కేవాళ్లు. వాళ్లనలా చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆ మంట ఎవరి మీద చూపించాలో మాత్రం తెలిసేది కాదు.

అలాంటప్పుడు వచ్చింది ఆ బుల్లి ట్రాక్టర్. విశాఖలో ఏదో కంపెనీ క్లబ్బు మూసేసి సామాన్లు అమ్మేస్తుంటే మా పూర్వ విద్యార్థులు కొందరు కలిసి కొని పంపారు. ఎర్ర రంగు, ఒక మనిషి కూర్చునే సీటు, పొట్ట కింద గడ్డి కోసే బ్లేడ్లు. పొలం ట్రాక్టర్ పక్కన నిలబెడితే దాని పిల్లలా ఉంటుంది. వ్యాన్లోంచి దింపిన రోజు స్కూలంతా చుట్టూ మూగింది.

దాన్ని తెచ్చినతను క్లబ్బులో ఏళ్ల తరబడి దాన్ని నడిపిన మనిషే. ముందువైపు బానెట్ ఎత్తి ఇంజన్ చూపించాడు, నాకూ, మా వాచ్‌మన్‌కీ. వాచ్‌మన్‌ది బలిఘట్టం. కుర్రతనంలో చెరకు బండ్లు తోలాడు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా స్కూలు గేటు దగ్గర చేరాడు. ఆనాటి నుంచీ నాకు ఆయన బాబాయే. నేను టీచరునై తిరిగొచ్చాక ఆయన నన్ను టీచరమ్మా అనడం మొదలుపెట్టాడు, నేను మాత్రం పిలుపు మార్చలేదు.

"దీనికి నీళ్లెక్కడ పొయ్యాలండీ?" అనడిగాడు బాబాయ్, రేడియేటర్ కోసం వెతుకుతూ.

"నీళ్లుండవండి దీనికి. గాలితోనే చల్లబడాలి" అన్నాడతను.

తర్వాత ఓపిగ్గా విప్పి చూపించాడు. ఇంజన్ నెత్తిన గుండ్రటి జల్లెడ ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాని కింద ఫ్యాను. ఆ జల్లెడలోంచి గాలి లోపలికి వెళ్లి, రేకు మూత కింద నుంచి ఇంజన్ ఒంటికున్న అల్యూమినియం రెక్కల సందుల్లోంచి పారి, వేడిని బయటికి మోసుకుపోతుంది. గడ్డి కోస్తున్నప్పుడు లేచే తుక్కంతా మొదట ఆ జల్లెడ మీదే పడుతుంది. సన్నటిది లోపలికి జారి రెక్కల సందుల్లో పేరుకుంటుంది. సందులు పూడాయంటే ఇంజన్‌కి ఊపిరాడనట్టే. పైకి మామూలుగానే తిరుగుతూ ఉంటుంది, లోపల మాత్రం పొయ్యిలా కాగుతుంది.

"కోసిన ప్రతిసారీ చల్లారనిచ్చి జల్లెడ బ్రష్షుతో తుడవాలి. అప్పుడప్పుడూ రేకు మూత విప్పి రెక్కలు శుభ్రం చెయ్యాలి. చేసి మళ్లీ మూత పెట్టెయ్యాలి, మూత లేకుండా నడపకూడదు, గాలి దారి తప్పిపోద్ది. వేడి మీద నీళ్లు కొట్టొద్దు. ఆయిలు తగ్గనివ్వొద్దు. ఎండు ఆకు ఉన్న చోటికి అసలు తీసుకెళ్లొద్దు" అని చెప్పి, వ్యాన్ ఎక్కబోతూ సీటు మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

మేం అలాగే చేశాం. బాబాయ్ నడిపేవాడు, కొన్నాళ్లకి నేనూ నేర్చుకున్నాను. కోత అయ్యాక సైకిల్ షెడ్డు నీడలో ఆపి, మూత మీద అరచెయ్యి ఆనించగలిగేదాకా ఆగేవాళ్లం. రంగులేసే బ్రష్షుతో జల్లెడ తుడిచేది నేను. కొబ్బరి ఈనె తీసుకుని రెక్కల సందుల్లోంచి తుక్కు లాగేది ఆయన. పంటి సందుల్లో ఇరుక్కున్నది తీసుకున్నంత జాగ్రత్తగా తీసేవాడు. "సూడండి టీచరమ్మా, ఎంత తినీసిందో" అని అరచేతిలో పెట్టి చూపించేవాడు. పని అయ్యాక ఆయిలు ఎంతుందో చూసే పుల్ల తీసి చూసి, మరకంటిన వేలు ఖాకీ చొక్కాకి తుడుచుకునేవాడు.

ఆ ఏడు వానల్లో మా ఆడపిల్లలు మానకుండా ఆడారు. గడ్డి మీద సున్నం గీతలు గీసి, రెండు కర్రలు పాతి, పొద్దు వాలేదాకా "ఖో", "ఖో" అని అరుచుకుంటూ ఆడారు. డివిజన్ పోటీల్లో ఫైనల్ దాకా వెళ్లారు. ఓడిపోయినా తలలెత్తుకునే బస్సెక్కారు, దారంతా పాటలు.

మా కరస్పాండెంట్ గారి గురించి ఇక్కడ చెప్పాలి. స్కూలు వ్యవహారాలన్నీ చూసేది ఆయనే. చర్చిలో ముందు వరసలో కూర్చుంటారు, మాట మెత్తన, ఎవరినీ గట్టిగా ఒక మాట అనరు. గట్టిగా అనక్కర్లేకుండానే పనులయ్యే మనిషి. ఆయన బావమరిదికి రోలుగుంట రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు ఉంది. దాని ముందున్న లాన్ కోయడానికి ఒక శనివారం మా ట్రాక్టర్ వెళ్లింది. ఎవరినీ అడగలేదు. సోమవారం నేను వచ్చేసరికి షెడ్డులో ఉంది. జల్లెడ కనబడటం లేదు, దాని మీద పచ్చటి ముద్ద చాపలా అతుక్కుని ఉంది. మూత తీసి శుభ్రం చేసేసరికి నాకూ బాబాయ్‌కీ ఒక పూట పట్టింది.

ఆఫీసుకి వెళ్లి చెప్పాను.

"మెషిన్ అన్నాక దుమ్ము పడదా మేడమ్" అన్నారు నవ్వుతూ. "మీరున్నారుగా, మెయింటెనెన్స్ మీ చేతిలో పెట్టి మేం నిశ్చింతగా ఉన్నాం."

"దుమ్ము కాదండీ, గాలి ఆడే దారి మూసుకుపోయింది. అలా నడిపితే ఇంజన్ కాలిపోద్ది. పిల్లల కోసం ఇచ్చిన బండి అది."

"అలాగేనండి. చూద్దాం."

ఆ 'చూద్దాం' తర్వాత కూడా అది వెళ్తూనే ఉంది. వెళ్లినప్పుడల్లా అలాగే తిరిగొచ్చేది. నేను వెళ్లి చెప్పడం, ఆయన నవ్వడం. స్టాఫ్ రూములో ఒకరిద్దరు, "ఎందుకు మేడమ్, స్కూలు వాళ్లది, బండి వాళ్లది, మధ్యలో మీకేం?" అన్నారు. స్కూలు వాళ్లదెలా అయింది? మా అమ్మ తరం వాళ్లు ఆదివారం పిడికెడు బియ్యం తెచ్చి చర్చిలో పెట్టి నిలబెట్టిన స్కూలు. ఆ మాట అంటే అందరూ టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

తర్వాత ఆ బావమరిది అదే రోడ్డులో ఇళ్ల స్థలాల వెంచర్ వేశాడు. అది నిన్న మొన్నటిదాకా చెరకు పొలం. కోత అయ్యాక మోళ్లు కూడా సరిగ్గా తీయకుండా రాళ్లు పాతేసి, గేటు కట్టేసి, రంగు జెండాలు కట్టారు. ఓపెనింగ్‌కి పెద్దవాళ్లు వస్తున్నారని, నేల చదునుగా పచ్చగా కనబడాలని హడావుడి. మధ్యలో మొలిచిన గడ్డినీ, దాని కింద పరుచుకున్న ఎండు చెరకాకునీ ఎవరు తీస్తారు? మా బుల్లి ట్రాక్టర్ ఉందిగా.

ముందురోజు నాకు ఈ సంగతి బాబాయే చెప్పాడు. నేను తిన్నగా ఆఫీసుకి వెళ్లాను.

"రేపు నేను పిల్లల్ని తీసుకుని పాయకరావుపేట పోటీలకి వెళ్తున్నానండీ. ట్రాక్టర్ రెక్కలు శుభ్రం చెయ్యాల్సి ఉంది, ఈ వారం కుదర్లేదు. ఇప్పుడు ఎక్కడికీ పంపొద్దు. మరీ ముఖ్యంగా చెరకు చేలోకి పంపొద్దు. ఎండాకు వేడి ఇంజన్ మీద పడితే అంటుకుంటుంది."

ఈసారి ఆయన నవ్వలేదు. కాగితాల మీంచి తలెత్తి, "మీరు పోటీల సంగతి చూసుకోండి మేడమ్. ఆల్ ది బెస్ట్" అన్నారు.

ఇది జ్ఞాపకం పెట్టుకోమని చదివేవాళ్లని అడుగుతున్నాను. తెలియక చేశారని తర్వాత చాలామంది అన్నారు. తెలుసు. ఆయన ముందు నిలబడి నేను చెప్పాను.

పాయకరావుపేటలో మా పిల్లలు సెమీఫైనల్ గెలిచి, గ్రౌండు పక్కన కూర్చుని పులిహోర తింటున్నారు. మా స్కూలు క్లర్కు ఫోన్ చేశాడు. వెనక నుంచి ఎవరివో అరుపులు. "మేడమ్, వాచ్‌మన్‌కి చెయ్యి కాలిపోయిందండి. ఏరియా హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నారు" అన్నాడు. ఎలా అని నేను అడగలేదు.

ఫైనల్ ఆడించాను. పిల్లలకి చెప్పలేదు. ఓడారో గెలిచారో కూడా ఆ క్షణంలో నాకు పట్టలేదు, వాళ్లు కప్పు పట్టుకుని నా మీద పడ్డాక తెలిసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను పళ్లు బిగించుకునే ఉన్నాను. "గెలిచాం కదా మేడమ్, ఏటలా ఉన్నారు?" అని అడిగింది కెప్టెన్. "తలనొప్పే" అన్నాను. వాళ్ల సంతోషాన్ని కూడా కరస్పాండెంట్ గారు నా దగ్గర్నుంచి లాగేసుకున్నారు అనిపించింది. అది కూడా ఆయన లెక్కలోనే వేశాను.

హాస్పిటల్లో బాబాయ్ కుడి చెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టు. కనుబొమలు కాలిపోయి మొహం వింతగా, చిన్నపిల్లాడి మొహంలా ఉంది. నన్ను చూసి లేవబోయాడు.

"పడుకో బాబాయ్. ఏమైంది?"

"వొద్దన్నానమ్మా" అన్నాడు మొదటి మాటగా. "పొద్దున్నే బండి ఎక్కించీసినారు. సగం సేను కోసీసరికి ఇంజన్ గొంతు మారిపోనాది. మాడు వాసన. ఆపీసినాను. బాబూ, సల్లారనివ్వండి, మూత విప్పి తుక్కు తీసీత్తాను అన్నాను. కరస్పాండెంటు అయ్యగారు గొడుగు కింద నిల్సున్నారు. బేగి కానియ్, మద్దేనానికి పెద్దోలు వొచ్చెత్తారు అన్నారు."

"మళ్లీ ఎక్కావా?"

"ఏటి సెయ్యమంటారమ్మా? ఎక్కినాను. రెండు సాళ్లు తిరిగినానో లేదో పొగ. ఇంజన్ కట్టీసి బానెట్ ఎత్తినాను. భగ్గుమన్నాది."

మూత కింద రాజుకుంటున్న తుక్కుకి ఒక్కసారిగా గాలి తగిలిందన్నమాట. మంట ఆయన చేతిమీదుగా మొహం దాకా లేచింది. చుట్టూ ఎండాకు. పనివాళ్లు మట్టి పోసి ఆర్పారట. లేకపోతే వెంచర్‌తో పాటు ఆయనా పోయేవాడు. ఓపెనింగ్ మాత్రం ఆగలేదు. నల్లగా మాడిన చోట షామియానా వేసి, కుర్చీలు వేసి, పెద్దవాళ్లతో రిబ్బను కత్తిరింపించారు. ఆ సంగతి చెప్పింది వార్డు బయట కూర్చున్న క్లర్కు.

నేనక్కడ ఉండగానే కరస్పాండెంట్ గారు వచ్చారు. వెనక డ్రైవర్, డ్రైవర్ చేతిలో బత్తాయిల సంచి. మంచం దగ్గర నిలబడి కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. తర్వాత నావైపు తిరిగి, అందరికీ వినబడేలా, మెత్తగా, "పెద్దాయన తొందరపడి వేడి ఇంజన్లో పెట్రోలు పోసేశాడు మేడమ్. వయసు కదా. దేవుడి దయ, కళ్లు పోలేదు" అన్నారు.

బాబాయ్ మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

"పెట్రోలు ఎవరు పోశారండీ?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఆయన చల్లారనివ్వమన్నాడు. మీరు బేగి కానియ్ అన్నారు. నేను నిన్న మీ ముందు నిలబడి పంపొద్దని చెప్పాను. ఇప్పుడీ మనిషి మంచం పక్కన నిలబడి ప్రార్థన చేసి, అదే నోటితో ఈ అబద్ధం ఎలా చెప్పగలుగుతున్నారు?"

వార్డంతా మావైపు తిరిగింది. నర్సు వచ్చి గొంతు తగ్గించమంది. ఆయన జాలిగా ఒక చూపు చూసి, "మీరు అలిసిపోయి ఉన్నారు, రేపు మాట్లాడదాం" అని వెళ్లిపోయారు. అరిచిన మనిషిదే తప్పని చూసేవాళ్లకి అనిపించేలా వెళ్లిపోవడం ఒక విద్య.

నేను బయటికి వచ్చాను. వెనకే బాబాయ్ భార్య వచ్చింది. నా చెయ్యి పట్టుకుని మెట్ల పక్కకి లాక్కెళ్లింది. ఓదార్పు కోసమేమో అనుకున్నాను.

"అమ్మా, నీకు దండం పెడతాను, ఊరుకో" అంది. "పెట్రోలు పోసీసినాడంటే పోసీసినాడనీ. నీ కోపం నీకు బాగానే ఉంటాది. నువ్వు గవర్మెంటు జీతగత్తెవి, నిన్నేటీ సెయ్యలేరు. ఈ సెయ్యితో రేపు ఆయన్ని ఎవుడు పనిలో పెట్టుకుంటాడు? సివర రోజులు, ఉద్యోగం పీకీత్తే మేం ఏటి తినాల?"

అంతకు ముందు నిమిషం దాకా నా కోపం న్యాయమైనదని ఎంత గట్టిగా నమ్మానో, ఆ మెట్ల మీద అది అంత బరువుగా తయారైంది. అన్యాయం చేసినవాడు నిమ్మళంగా కారెక్కి పోయాడు. నోరు మూసుకోమని నన్ను బతిమాలాల్సిన గతి ఈవిడకి పట్టింది. దాంతో నా కోపం తగ్గకపోగా ఇంకా ముదిరింది. కానీ అరుపు మాత్రం పోయింది. "సరే పిన్నీ, బాబాయ్‌ని అడక్కుండా ఏమీ చెయ్యను" అన్నాను.

మర్నాడు ఆదివారం, చర్చికి వెళ్లకుండా సైకిల్ షెడ్డుకి వెళ్లాను. మాడిన ట్రాక్టర్‌ని అక్కడే పడేశారు. సీటు కరిగిపోయింది, వైర్లు ముద్దయిపోయాయి. అవతల పాటలు వినిపిస్తుండగా నేను రేకు మూత బోల్టులు ఒక్కొక్కటీ విప్పాను. వేడికి బిగుసుకుపోయి రాలేదు, సుత్తితో కొట్టాల్సొచ్చింది. ఆ దెబ్బలు పాటలకి అడ్డం పడి ఉంటాయి. పడనీ అనుకున్నాను.

మూత లేచింది. ఒకవైపు బూడిద. రెండోవైపు మంట అందని మూల, రెక్కల సందులన్నీ బిగించి కుక్కినట్టు తుక్కు. అది మా గ్రౌండు గరిక కాదు. పొడుగాటి, గరుకంచు ఉన్న ఎండు చెరకాకు, ముక్కలు ముక్కలుగా. కొబ్బరి ఈనె పెడితే విరిగిపోయింది, అంత బిగువుగా ఉంది. స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించి అన్నం డబ్బాలో వేశాను. పెట్రోలు ట్యాంకు మూత బిగించినది బిగించినట్టే ఉంది. ఫోన్‌తో ఫోటోలు తీశాను. చేతులకి మసి, మోచేతికి గీతలు. చర్చిలోంచి బయటికొస్తున్న వాళ్లు దూరం నుంచి చూసి, దగ్గరికి రాకుండా వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం బాబాయ్‌కి ఫోటోలు చూపించి, దీని మీద స్కూలు కమిటీ కూర్చోబోతోందని చెప్పాను. ఎడమ చేత్తో ఫోను పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంత కుక్కీసుకుపోనాదా" అన్నాడు. దాని మీద జాలి పడుతున్నట్టు అన్నాడు. తర్వాత, "కమిటీలో నన్ను కూడా పిలుత్తారా?" అని అడిగాడు.

"పిలవరు. నువ్వొస్తానంటే నేను తీసుకెళ్తాను. వద్దంటే ఈ డబ్బా మా ఇంట్లోనే ఉంటుంది. పిన్నికి మాటిచ్చాను."

"దానితో నాను మాటాడతాను" అన్నాడు.

ఏం మాట్లాడాడో నాకు తెలియదు. కమిటీ కూర్చున్న రోజు పిన్నే ఆయనకి చొక్కా తొడిగి, కట్టున్న చెయ్యి మెడకి వేలాడదీసి, ఆటోలో దగ్గర కూర్చోబెట్టి తీసుకొచ్చింది. నావైపు చూడలేదు. కానీ తీసుకొచ్చింది.

పెద్ద బల్ల చుట్టూ కమిటీ పెద్దలు. కరస్పాండెంట్ గారు జరిగింది చెప్పారు. వేడి ఇంజన్, పెట్రోలు, వయసు, దేవుడి దయ. పక్కన ఇంకో వాక్యం చేర్చారు: మెయింటెనెన్స్ బాధ్యత పి.ఇ.టి. మేడమ్‌దని, ఆవిడ పోటీల హడావుడిలో అశ్రద్ధ చేసి ఉండొచ్చని. నేను లేచి డబ్బా మూత తీసి బల్ల మీద బోర్లించాను. మాడు వాసన గదంతా కమ్ముకుంది.

"ఇది ఇంజన్ రెక్కల్లోంచి తీసింది. చెరకాకు. మన గ్రౌండులో చెరకు ఎప్పుడు వేశారో నాకు చెప్పండి."

కమిటీ అధ్యక్షులు ముసలాయన, నాకు చిన్నప్పుడు సండే స్కూల్లో పాఠం చెప్పిన మనిషి. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ఇవన్నీ బల్ల మీద ఎందుకమ్మా ఇప్పుడు?" అన్నారు.

"ఎక్కడ పెట్టమంటారండీ మరి?"

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ బాబాయ్ నోరు విప్పాడు. కుర్చీ ఎవరూ వెయ్యలేదు, నిలబడే ఉన్నాడు.

"పెట్రోలు నాను పొయ్యలేదండి" అన్నాడు. "వొద్దని సెప్పినాను. సల్లారాలని సెప్పినాను. బేగి కానియ్ అన్నారు. ఉద్యోగం తీసీత్తే తీసీయండి. నాను ముట్టించీసినానని మాత్రం రాయకండి."

నేను కరస్పాండెంట్ గారి మొహమే చూస్తూ నిలబడ్డాను. సిగ్గు పడతారేమో అని. ఆయన చేతి గడియారం చూసుకున్నారు. "సరే, ఎవరిది తప్పు అన్నది ఇప్పుడు పక్కన పెడదాం" అన్నారు. ఎవరిదో నిరూపణ అయిన నిమిషంలోనే అది పక్కన పెట్టాల్సిన విషయమైపోయింది.

చివరికి తేల్చింది ఇదీ. మానవతా దృక్పథంతో వాచ్‌మన్‌కి జీతం కొయ్యకుండా సెలవు. మానవతా దృక్పథంతో వైద్యానికి సాయం. తప్పు అన్న మాట ఎక్కడా లేదు. ఆ తర్వాత ఆదివారం చర్చిలో ఆ సాయం గురించి ప్రకటించారు కూడా. అందరూ సంతోషంగా తలలూపారు. నేను లేచి బయటికొచ్చేశాను. తలుపు చప్పుడైంది, అది నేను కావాలనే చేశాను.

ఒకటి మాత్రం నేను వదల్లేదు. ట్రాక్టర్ కొనిచ్చిన పూర్వ విద్యార్థులకి ఫోటోలు పంపి, జరిగింది జరిగినట్టు చెప్పాను. వాళ్లలో ఇద్దరు నేరుగా స్కూలుకి వచ్చి కమిటీ ముందు కూర్చున్నారు. బండి బాగుచేయిస్తాం, ఇకమీదట గేటు దాటితే వెనక్కి తీసుకుపోతాం అన్నారు. నా అరుపులకి లొంగని కమిటీ ఆ మాటకి వెంటనే తలొంచింది. ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకుంటారంటే పరువు పోతుంది. చెయ్యి కాలితే పోదు.

బాబాయ్ చెయ్యి మానింది, కానీ రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. గేటు తాళం ఎడమ చేత్తో తీస్తాడు. పిన్ని నాతో మామూలుగా మాట్లాడటానికి చాలాకాలం పట్టింది. మొన్న వాళ్లింట్లో చేపల పులుసు చేసి గిన్నెతో పంపింది. దాంతో పాటు ఒక మాట కూడా: "ఆ బండి జోలికి ఆయన్ని మళ్లీ రానివ్వకు." రానివ్వడం లేదు.

ఇప్పుడు గడ్డి నేనే కోస్తున్నాను. కొత్త వైర్లు, కొత్త సీటు, అదే ఇంజన్. పొద్దున్నే పిల్లలు రాకముందు నాలుగు సాళ్లు తిరిగి, షెడ్డులో ఆపి, చల్లారేదాకా ఆగుతాను. ఆ ఆగే సమయం నాకు మంచిది కాదు, అన్నీ గుర్తొస్తాయి. కాలం గడిస్తే కోపం పోతుందని మా అమ్మ అంటుంది. పోనివ్వడం నాకు ఇష్టం లేదని అమ్మకి చెప్పలేదు. పోతే ఎవరికి లాభమో నాకు తెలుసు.

ఈ వానాకాలం మొదట్లో కరస్పాండెంట్ గారు గ్రౌండు దాకా వచ్చారు. చర్చి పెద్దల ఇంట్లో పెళ్లుందని, ముందున్న స్థలం ఒక గంటలో కోసిస్తే బాగుంటుందని అన్నారు. అదే మెత్తటి గొంతు. నేను ఇంజన్ ఆపలేదు, ఆ చప్పుడులో ఆయన రెండోసారి గట్టిగా అడగాల్సొచ్చింది.

"కుదరదండీ" అన్నాను.

"ఒక గంటే కదా మేడమ్."

"కుదరదు."

ఆయన ఇంకా ఏదో అన్నారు, వినబడలేదు. నేను గేరు వేసి ముందుకు పోనిచ్చాను. గడ్డి ఆయన బూట్ల మీద పడింది.